బీరాఫ్ మందు చర్మ క్యాన్సర్‌లో పనిచేస్తుంటే పెద్దపేగు క్యాన్సర్‌లో ఒక్కటే ఎందుకు సరిపోదు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అక్కగారికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది, కాలేయానికి కూడా పాకింది. జన్యు పరీక్షలో బీరాఫ్ అనే ప్రొటీన్‌లో వీ600ఈ అనే మ్యుటేషన్, అంటే జన్యుమార్పు, ఉందని తేలింది. ఇదే మ్యుటేషన్ ఉన్న మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి మాత్రలున్నాయని మీరు ఎక్కడో చదివారు. డాక్టరుగారేమో ఆ రకం మాత్ర ఒక్కటే ఇస్తే లాభం లేదు, సెటుక్సిమాబ్ అనే ఇంకో మందు కూడా ఎక్కించాలి, కీమో కూడా కావాలి అన్నారు. చెడిపోయింది ఒకే ప్రొటీన్ అయినప్పుడు దాన్ని ఆపే మందు ఒక్కటి ఎందుకు చాలదు, అసలు ఈ సిగ్నలింగ్ ప్రొటీన్లు ఏం చేస్తాయి, మందు కొన్నాళ్లకి పనిచేయడం మానేస్తుందంటారు నిజమేనా, నాకు కూడా వస్తుందా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు సూటిగా జవాబు. బీరాఫ్ ఒంటరిగా పనిచేసే ప్రొటీన్ కాదు. దాని పైన కొన్ని ప్రొటీన్లు, కింద కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. కింద ఉన్నవి పైవాటిని అదుపులో పెడుతుంటాయి. పెద్దపేగు కణంలో బీరాఫ్‌ని మూసేస్తే ఆ అదుపు పోయి, పైనున్న ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్, అంటే బయటి కబురు అందుకునే ప్రొటీన్, విజృంభిస్తుంది. మెలనోమా కణంలో ఆ రిసెప్టర్ సాధారణంగా చాలా తక్కువ, కాబట్టి అక్కడ ఆ గొడవ లేదు. మీ డాక్టరుగారు సెటుక్సిమాబ్ కలిపింది ఆ ఈజీఎఫ్ఆర్‌ని పట్టుకోవడానికే.

ఇక వివరంగా చెప్తాను. నేను పద్దెనిమిదేళ్లుగా కణితి ముక్కల్లో జన్యుమార్పులు వెతికే ల్యాబులో పనిచేస్తున్నాను. రోగిని చూసి మందు రాసే డాక్టర్ని కాను. కాబట్టి వైద్యం విషయంలో ఆఖరి మాట మీ డాక్టరుగారిదే. కానీ ఆయన నోట విన్న మాట వెనక ఉన్న కారణం మీకు అర్థమైతే, ఆయన్ని ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

మన ఒంట్లో మామూలు కణం తనంతట తాను విభజన చెందదు. బయటి నుంచి కబురు రావాలి. ఆ కబురు మోసుకొచ్చేవి వృద్ధి కారకాలు. 1960 ప్రాంతంలో స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఎలుకల లాలాజల గ్రంథి నుంచి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఎక్కించి చూశారు. వాటి కళ్లు మామూలు కంటే కొన్ని రోజుల ముందే తెరుచుకున్నాయి, పళ్లూ ముందే వచ్చాయి. ఆ రసంలో ఉన్న పదార్థమే ఈజీఎఫ్. చర్మం, పేగు లోపలి పొర లాంటి చోట్ల కణాలకి "పెరుగు" అని చెప్పే కబురు అది. ఈ పనికి 1986లో ఆయనకి, రీటా లెవీ మోంటాల్చినీకి కలిపి నోబెల్ ఇచ్చారు.

ఆ కబురు అందుకునేది ఈజీఎఫ్ఆర్. కణం పొరలో అడ్డంగా గుచ్చినట్టు ఉంటుంది. సగం బయటికి, సగం లోపలికి. బయట ఈజీఎఫ్ వచ్చి తగలగానే రెండు రిసెప్టర్లు జతకూడి, ఒకదాని తోక మీద ఇంకొకటి ఫాస్ఫేట్ అంటిస్తాయి. ఫాస్ఫేట్ పడిన చోట గ్రబ్2 అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుంటుంది, అది సాస్‌ని వెంటబెట్టుకొస్తుంది, సాస్ వెళ్లి రాస్‌ని లేపుతుంది. రాస్ రాఫ్‌ని, రాఫ్ మెక్‌ని, మెక్ ఎర్క్‌ని లేపుతాయి. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్లి, విభజనకి కావలసిన జన్యువులు తెరిపిస్తుంది. మీ రిపోర్టులో ఉన్న బీరాఫ్ ఈ వరసలోని రాఫ్‌లలో ఒకటి.

ఈ వరసలో చాలా పని జరిగేది ఫాస్ఫేట్‌తోనే. ఫాస్ఫేట్ అంటించే ప్రొటీన్లని కైనేజులంటారు, మనిషిలో ఇవి 500 పైచిలుకు ఉన్నాయి. అంటించిన ఫాస్ఫేట్‌ని ఊడదీసేవి ఫాస్ఫటేజులు. ఫాస్ఫేట్‌కి ఋణావేశం ఎక్కువ. అది వచ్చి అంటుకుంటే ప్రొటీన్ ఆకారం మారుతుంది, ఆకారం మారితే పని మారుతుంది. కైనేజుల్లో టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ పెట్టేవి వేరే జాతి అని 1979లో టోనీ హంటర్ గుర్తించారు. ఫాస్ఫేట్ పడిన అమైనో ఆమ్లాలని విడివిడి చుక్కలుగా వేరుచేయడానికి ఆ రోజు ఆయన వాడింది తాజా ద్రావణం కాదు. పదేపదే వాడినందువల్ల దాని పీహెచ్ 1.9 నుంచి 1.7కి దిగిపోయింది. సరైన పీహెచ్‌లో అయితే టైరోసిన్ చుక్కా, త్రియోనిన్ చుక్కా ఒకదాని మీద ఒకటి పడి ఒకటే చుక్కలా కనిపించేవి. పీహెచ్ తగ్గడంతో రెండూ విడిపడ్డాయి. క్యాన్సర్ మందుల్లో ఒక పెద్ద కుటుంబమంతా ఆ విడిపడిన చుక్క నుంచే వచ్చిందని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు చెడిపోవడం సంగతి. క్యాన్సర్ జన్యువంటే బయటి నుంచి వచ్చిన ఏదో పాడు జన్యువనుకుంటారు చాలామంది. కాదు. కోళ్లలో కణితి పుట్టించే వైరస్‌లోని సార్క్ అనే జన్యువు నిజానికి మామూలు కోడి కణంలోనే ఉందని, వైరస్ దాన్ని అక్కణ్నుంచే ఎత్తుకుపోయిందని 1976లో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్ బృందం చూపించింది. అంటే క్యాన్సర్‌ని నడిపే ప్రొటీన్లు మన సొంత ప్రొటీన్లే, రోజూ మనకి కావలసినవే. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకోండి, మందుల దుష్ఫలితాల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఎంత చిన్న మార్పు చాలో రాస్‌ని చూస్తే తెలుస్తుంది. రాస్‌కి జీటీపీ అనే చిన్న అణువు అంటుకుని ఉంటే మెలకువ, అది విరిగి జీడీపీ అయితే నిద్ర. మెలకువలో ఉన్న రాస్ తన జీటీపీని తానే విరగ్గొట్టుకుని నిద్రలోకి జారుతుంది. దానికి గ్యాప్ అనే ప్రొటీన్ సాయపడుతుంది, తన ఆర్జినైన్‌ని వేలు పెట్టినట్టు లోపలికి దూర్చి. రాస్‌లో 12వ స్థానంలో ఉండే గ్లైసిన్ అమైనో ఆమ్లాలన్నిటిలో చిన్నది. ఆ వేలు దూరడానికి చోటు ఉండేది అందుకే. 1982లో మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో రాస్ జన్యువుని చదివితే, ఆ గ్లైసిన్ పోయి వేలిన్ వచ్చింది. డీఎన్ఏలో మారింది ఒక్క అక్షరం. వేలిన్ కాస్త లావు, వేలు దూరదు. రాస్ నిద్రపోదు. బయటి నుంచి కబురు రాకపోయినా లోపల వచ్చినట్టే నడుస్తుంది.

మీ అక్కగారి బీరాఫ్‌లో జరిగిందీ ఇలాంటిదే. వీ600ఈ అన్న పేరు విడదీస్తే, 600వ స్థానంలో వీ అంటే వేలిన్ ఉండాల్సిన చోట ఈ అంటే గ్లుటమేట్ వచ్చిందని. జన్యువులో 1799వ అక్షరం మారింది. గ్లుటమేట్‌కి ఋణావేశం ఉంటుంది. ఫాస్ఫేట్‌కీ ఋణావేశమే కదా. ఆ పక్కనే ఫాస్ఫేట్ వచ్చి పడితే బీరాఫ్ ఎలా మేల్కొంటుందో, దాదాపు అలాగే ఈ గ్లుటమేట్ దాన్ని ఎప్పుడూ మెలకువగా ఉంచుతుంది. మామూలు బీరాఫ్ పనిచేయాలంటే రాస్ పిలవాలి, ఇంకో రాఫ్‌తో జతకూడాలి. వీ600ఈ బీరాఫ్‌కి రాస్ పిలుపు అక్కర్లేదు, జత కూడా అక్కర్లేదు. ఈ జత మాట గుర్తుంచుకోండి, అసలు మెలిక దాని దగ్గరే ఉంది.

ఇక్కడొకటి చెప్పాలి. మన చర్మం మీద ఉండే మామూలు పుట్టుమచ్చల్లో చాలావాటిలో ఇదే వీ600ఈ ఉంటుంది. అవి కొంత పెరిగి ఆగిపోతాయి, జీవితాంతం అలాగే ఉండిపోతాయి. ఎందుకంటే "పెరుగు" అనే కబురు ఆగకుండా వస్తుంటే కణం అనుమానించి, పీ16 లాంటి బ్రేకులు వేసి తనని తాను ఆపేసుకుంటుంది. క్యాన్సర్ కావాలంటే ఆ బ్రేకులూ పోవాలి. పీ53, ఆర్‌బీ, పీటెన్, పెద్దపేగులో అయితే ఏపీసీ, ఇవన్నీ ఆ కోవలోవి. ఒక్క పీ53 జన్యువే మొత్తం క్యాన్సర్లలో దాదాపు సగంలో చెడిపోయి ఉంటుంది. అతిగా పనిచేస్తున్న ప్రొటీన్‌ని మందుతో మూయొచ్చు కానీ లేకుండా పోయిన ప్రొటీన్‌ని మందుతో తెప్పించడం కష్టం. అందుకే రిపోర్టులో పీ53 కనిపించినా దానికి మందు పేరు సాధారణంగా ఉండదు. అది ల్యాబు నిర్లక్ష్యం కాదు.

మందుల విషయంలో అందరికీ ఆశ పుట్టించింది ఇమాటినిబ్ అనే మాత్ర. సీఎంఎల్ అనే రక్తక్యాన్సర్‌లో 22వ క్రోమోజోమ్ పొట్టిగా ఉండడాన్ని 1960లో ఫిలడెల్ఫియాలో గమనించారు. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ అనే కైనేజే ఆ జబ్బంతటికీ మూలం. దాన్ని మూసే మాత్రని 1998లో మనుషుల్లో పరీక్షించడం మొదలుపెట్టారు. సరిపడా మోతాదు తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికొచ్చింది. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. అప్పుడు అందరం అనుకున్నాం, ప్రతి క్యాన్సర్‌కీ ఇలాగే ఒక ప్రొటీన్, ఒక మాత్ర ఉంటాయని. కానీ తొలి దశ సీఎంఎల్ దాదాపు ఒకే ప్రొటీన్ మీద బతికే జబ్బు. అదే సీఎంఎల్ ముదిరి మరికొన్ని మార్పులు చేరాక ఇస్తే, ఆ మాత్రకే లొంగినట్టే లొంగి చాలామందిలో కొన్ని నెలల్లో తిరగబడేది.

బీరాఫ్ వీ600ఈని 2002లో గుర్తించారు. మెలనోమాల్లో దాదాపు సగంలో బీరాఫ్ మార్పు ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ఇదే. దాన్ని మూసే వెమురాఫెనిబ్‌కి 2011లో అనుమతి వచ్చింది. పాత కీమోతో పోల్చి చూసిన పరీక్షలో కీమోకి నూటికి 5 మందిలో కణితి తగ్గితే, ఈ మాత్రకి 48 మందిలో తగ్గింది. సహజంగానే, పెద్దపేగు క్యాన్సర్‌లో వీ600ఈ ఉన్నవాళ్లకి కూడా ఇచ్చి చూశారు. 21 మందిలో ఒక్కరికి మాత్రమే కణితి చెప్పుకోదగ్గంత తగ్గింది. మందు అదే, మ్యుటేషన్ అదే. మీరు అడిగిన ప్రశ్నే అప్పుడు ఈ రంగంలో ఉన్నవాళ్లందరి ముందూ నిలబడింది.

జవాబు 2012లో రెండు బృందాలు విడివిడిగా పట్టుకున్నాయి. చాలామంది దీన్ని "ఒక కాలువ మూస్తే నీరు పక్క కాలువలోకి పోయినట్టు" అని వివరిస్తుంటారు. నాకా పోలిక నచ్చదు, సగమే నిజం. అసలు జరిగేది ఇది. ఎర్క్ మేల్కొన్నప్పుడు విభజన జన్యువులు తెరిపించడంతో ఊరుకోదు. "కబురు అందింది, ఇక చాలు" అన్నట్టు వెనక్కి తిరిగి పైవాటిని అణుస్తుంది కూడా. ఈజీఎఫ్ఆర్ మీది ఫాస్ఫేట్‌ని ఊడదీసే ఫాస్ఫటేజులకి పని చెప్తుంది, రాస్‌ని లేపే దారికి అడ్డుపడే ప్రొటీన్లని తయారుచేయిస్తుంది. బీరాఫ్ విపరీతంగా పనిచేస్తున్న కణంలో ఎర్క్ కూడా విపరీతంగా ఉంటుంది కనక, పైనున్న ఈజీఎఫ్ఆర్, రాస్ బాగా అణిగి ఉంటాయి.

ఇప్పుడు మాత్ర వేశారు. బీరాఫ్ ఆగింది, ఎర్క్ పడిపోయింది. ఎర్క్ పడిపోవడంతో పైవాటిని అణిచే చెయ్యీ లేచిపోయింది. పెద్దపేగు లోపలి పొర కణాలకి ఈజీఎఫ్ఆర్ సహజంగానే దండిగా ఉంటుంది. అది లేచింది, రాస్‌ని లేపింది, రాస్ రాఫ్‌లని జతలు కట్టించింది. వెమురాఫెనిబ్ లాంటి మందులు ఒంటరిగా ఉన్న వీ600ఈ బీరాఫ్‌ని బాగా మూస్తాయి గానీ, జతకట్టిన రాఫ్‌ని సరిగా మూయలేవు. ఆ జతలు మెక్‌ని లేపాయి, మెక్ ఎర్క్‌ని లేపింది. ల్యాబులో ఈ కణాలకి మందు వేసి గంట గంటకీ ఎర్క్ ఫాస్ఫేట్ చూస్తే కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. మొదట ఆ ఫాస్ఫేట్‌ని చూపే గీత చెరిగిపోయినంత పల్చబడుతుంది, మర్నాటికి మళ్లీ నల్లబడుతుంది. మందు అక్కడే ఉంది, కబురు మాత్రం తిరిగొచ్చింది. మెలనోమా కణాల పుట్టుక వేరు, అవి రంగునిచ్చే కణాల నుంచి వచ్చినవి. వాటిలో ఈజీఎఫ్ఆర్ తక్కువ కనక అంత తొందరగా లేచే దారి లేదు.

అందుకే బీరాఫ్ మాత్రకి తోడు ఈజీఎఫ్ఆర్‌ని బయటి నుంచి మూసే యాంటీబాడీ సెటుక్సిమాబ్. ఎన్‌కోరాఫెనిబ్, సెటుక్సిమాబ్ జోడీకి అంతకుముందు వైద్యం తీసుకున్నవాళ్ల విషయంలో 2020లో అనుమతి వచ్చింది. తర్వాత మొదటి నుంచే ఈ జోడీకి కీమో కలిపి ఇచ్చి చూశారు. పాత పద్ధతిలో నూటికి 40 మందిలో కణితి తగ్గితే, ఇలా కలిపినప్పుడు 61 మందిలో తగ్గింది. జబ్బు మళ్లీ పెరగడానికి పట్టిన మధ్యస్థ కాలం సుమారు 7 నెలల నుంచి దాదాపు 13 నెలలకి పెరిగింది. 2024 డిసెంబరులో ఆ కలయికకి అమెరికాలో అనుమతి ఇచ్చారు. మీ డాక్టరుగారు చెప్పింది సరిగ్గా ఇదే అనుకుంటున్నాను. మధ్యస్థ కాలమంటే సగం మంది అంతకంటే ఎక్కువ కాలం బాగున్నారని కూడా అర్థం. అది మీ అక్కగారికి పెట్టిన గడువు కాదు, దయచేసి అలా చదువుకోవద్దు.

ఇదే వల రాస్‌లలో ఒకటైన కేరాస్‌లో కూడా కనిపిస్తుంది. కేరాస్‌ని మందుతో పట్టుకోవడం అసాధ్యమని ముప్ఫై ఏళ్లు అనుకున్నాక, జీ12సీ అనే ఒక్క మార్పుకి మాత్రం అతుక్కునే చోటు దొరికిందని 2013లో కెవాన్ షోకాట్ బృందం చూపించింది. 2021లో సోటోరాసిబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌లో అది ఒక్కటే ఇస్తే నూటికి పదిమందిలో పనిచేయడం కష్టమయ్యింది. ఈజీఎఫ్ఆర్‌ని మూసే పానిటుముమాబ్ కలిపితే నూటికి 26కి చేరింది. పెద్దపేగు కణంలో ఈజీఎఫ్ఆర్ ఎంత గట్టిగా కాచుకుని ఉంటుందో దీన్నిబట్టి చూడండి. ప్రొటీన్ పేరుతో పాటు అది ఏ కణంలో ఉందో కూడా చూడాలని నేను ప్రతి రిపోర్టు దగ్గరా అనేది అందుకే.

బీరాఫ్ మందుల గురించి ఇంకో విచిత్రం ఉంది, మీకు ఉపయోగపడుతుంది. వీ600ఈ లేని మామూలు కణంలో, అందులోనూ రాస్ మేల్కొని ఉన్న కణంలో, ఈ మందు జతలోని ఒక రాఫ్‌కి అతుక్కుంటే రెండోది మరింత జోరుగా పనిచేస్తుంది. అంటే ఒకే మనిషిలో ఒకే మాత్ర ఒక కణంలో ఎర్క్‌ని ఆపుతూ, ఇంకో కణంలో పెంచుతుంది. వెమురాఫెనిబ్ ఒక్కటే తీసుకున్న మెలనోమా రోగుల్లో కొందరికి చర్మం మీద వేరే రకం చిన్న కణితులు రావడానికి కారణం ఇదే. సాధారణంగా వాటిని కోసి తీసేస్తే సరిపోయేది. తర్వాత మెక్‌ని మూసే మందు కూడా కలపడంతో అవి బాగా తగ్గాయి. మీ అక్కగారికి ఈ రకం మందు ఇస్తున్నన్నాళ్లూ చర్మం మీద కొత్తగా పులిపిరి లాంటిదో, మానని పుండో కనిపిస్తే చెప్పమనండి. అలాగే రిపోర్టులో బీరాఫ్ అని మాత్రమే ఉండి వీ600 కాకుండా వేరే అంకె ఉంటే ఈ మందు పనికిరాకపోగా చెడు కూడా చేయొచ్చు. ఆ అంకె అంత ముఖ్యం. మీరు రాసినదాంట్లో స్పష్టంగా వీ600ఈ అని ఉంది, కాబట్టి ఆ భయం లేదు.

దుష్ఫలితాల దగ్గరికి వచ్చాం. ఈ ప్రొటీన్లు మనకి రోజూ కావలసినవే అన్నాను కదా. సెటుక్సిమాబ్ పడగానే ముఖం, ఛాతీ మీద మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి. ఎలుక పిల్లల కళ్లు తెరిపించిన ఆ ఈజీఎఫ్ కబురు మీదే చర్మం బతుకుతుంది, దాన్ని మూస్తున్నాం మరి. మూత్రపిండంలో మెగ్నీషియం తిరిగి పీల్చుకోవడానికి కూడా ఆ కబురు కావాలి. అందుకే రక్తంలో మెగ్నీషియం పడిపోతుంది, దాన్ని పదేపదే చూస్తుంటారు. రొమ్ము క్యాన్సర్‌లో పీఐ3కే అనే ప్రొటీన్‌ని మూసే ఆల్పెలిసిబ్ అనే మందుతో రక్తంలో చక్కెర పెరిగేదీ ఇలాగే. ఇన్సులిన్ తన కబురు పంపేది ఆ దారిలోనే. పొక్కులు చూసి భయపడి మందు మానేసినవాళ్లని చూశాను, చాలా బాధేస్తుంది. పొక్కులకి మందులున్నాయి. మొదటి రోజు నుంచే చర్మం పొడిబారకుండా చూసుకోవాలి, ఎండకి తిరగకూడదు, డాక్టరుకి వెంటనే చెప్పాలి. మూలికల మందులూ విటమిన్ మాత్రలూ ఏవి వాడుతున్నా దాచకుండా చెప్పండి. ఎన్‌కోరాఫెనిబ్‌ని కాలేయంలో కరిగించే ఎంజైమ్‌ని వాటిలో కొన్ని మందగింపజేస్తాయి, కొన్ని ఉరకలెత్తిస్తాయి.

మందు కొన్నాళ్లకి పనిచేయడం మానేస్తుందా అన్నదానికి, వ్యాపించిన క్యాన్సర్‌లో చాలావరకు అవును అని నిజాయితీగా చెప్పాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ మందులతో దీన్ని బాగా నేర్చుకున్నాం. జెఫిటినిబ్ లాంటి మొదటి మందులకి లొంగిన కణితులు తిరగబడ్డప్పుడు, సగానికి పైగా వాటిలో మందు కూర్చునే గూడు దగ్గర టీ790ఎం అనే కొత్త మార్పు కనిపించింది. దాన్ని దాటే ఒసిమెర్టినిబ్ 2015లో వచ్చింది. దాని తర్వాత మరో మార్పు, లేకపోతే మెట్ అనే పక్క రిసెప్టర్ పెరగడం, ఒక్కోసారి కణం జాతే మారిపోవడం. పెద్దపేగు క్యాన్సర్‌లో బీరాఫ్ జోడీ తర్వాత ఎక్కువగా కనిపించేవి రాస్ మార్పులు, మెట్ పెరగడం. రెండూ ఆ పాత కబురుని తిరిగి నడిపించే ఉపాయాలే. అందువల్ల స్కానులో జబ్బు పెరిగిందని తేలిన రోజున కొత్త బయాప్సీ గానీ, రక్తంలో తిరిగే కణితి డీఎన్ఏ పరీక్ష గానీ పనికొస్తుందేమో అడగండి. రెండేళ్ల కిందటి రిపోర్టు ఆనాటి కణితి గురించి చెప్తుంది, ఈనాటి దాని గురించి కాదు.

రిపోర్టులో ఒక శాతం కూడా ఉంటుంది, ఆలీల్ ఫ్రాక్షన్ అని. ఒక రోగి భార్య మా ల్యాబుకి ఫోన్ చేసి, "18 శాతమే ఉందంట కదా, అంటే 82 శాతం తగ్గిపోయినట్టేనా?" అని అడిగారు. ఆవిడ గొంతులో ఉన్న సంతోషం నాకింకా గుర్తుంది. కాదని చెప్పాల్సి వచ్చింది. ఆ అంకె మనం పరీక్షించిన ముక్కలోని డీఎన్ఏలో ఎంత భాగంలో ఆ మార్పు కనిపించిందో చెప్తుంది, అంతే. ముక్కలో మామూలు కణాలు ఎక్కువ కలిస్తే అంకె తగ్గుతుంది. జబ్బు ఎంత ఉందో, ఎంత తగ్గిందో దాంతో తేలదు. మీరు దాన్ని చూసి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు.

ఈ రిపోర్టులోనే ఇంకో మాట కోసం వెతకండి. ఎంఎస్ఐ లేదా ఎంఎంఆర్ అని ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్‌లో వీ600ఈ ఉన్నవాళ్లలో కొందరికి డీఎన్ఏ తప్పులు దిద్దే వ్యవస్థ కూడా మూతపడి ఉంటుంది. దాన్ని ఎంఎస్ఐ-హై అంటారు. అలాంటి కణితిలో తప్పులు వేలల్లో పేరుకుపోయి, రోగనిరోధక కణాలకి అది పరాయిదానిలా కనిపిస్తుంది. అప్పుడు దాన్ని కాపాడేది పీడీ-1 అనే మరో కబురు, రోగనిరోధక కణానికి "ఆగు" అని చెప్పేది. ఆ కబురుని తెంచే పెంబ్రోలిజుమాబ్‌ని ఎంఎస్ఐ-హై ఉన్నవాళ్లకి మొదటి వైద్యంగా ఇవ్వడానికి 2020లో అనుమతించారు. పనిచేసినవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కాబట్టి మీ అక్కగారి విషయంలో బీరాఫ్ కంటే ముందు తెలియాల్సింది ఇదే కావచ్చు. మీరు రాసినదాంట్లో ఆ మాట కనిపించలేదు. పరీక్ష జరిగే ఉంటుంది, అయినా అడగండి.

ఇక మీ ఆఖరి ప్రశ్న, "నాకూ వస్తుందా?" అని. బీరాఫ్ వీ600ఈ తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. మీ అక్కగారి పేగులో, ఏదో ఒక కణంలో, ఆవిడ జీవితకాలంలో జరిగిన మార్పు అది. ఆవిడ రక్తకణాల్లో ఉండదు, మీలో ఉండదు, ఆవిడ పిల్లల్లో ఉండదు. ఇంకా చెప్పాలంటే, కణితిలో ఎంఎల్‌హెచ్1 అనే దిద్దే ప్రొటీన్ లేకపోయినప్పుడు, అది లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బేమో అని అనుమానం వస్తుంది. అప్పుడు వీ600ఈ కనిపిస్తే ఆ అనుమానం దాదాపు తీరినట్టే. అయితే తోబుట్టువుకి పెద్దపేగు క్యాన్సర్ వచ్చినప్పుడు మీకు మామూలు వాళ్లకంటే కాస్త ముప్పు ఎక్కువే, దానికి ఈ మ్యుటేషన్‌తో సంబంధం లేదు. సాధారణంగా 40 ఏళ్లకి గానీ, అక్కగారికి జబ్బు బయటపడిన వయసుకి పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోమంటారు. మీ వయసు రాయలేదు. ఆ వయసు దాటి ఉంటే ఆవిడ వైద్యం అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పూర్తి రిపోర్టు, అన్ని పేజీలూ, తీసుకెళ్లండి. ఎంఎస్ఐ సంగతి, రాస్ మామూలుగా ఉందా లేదా, ఈజీఎఫ్ఆర్ కుటుంబంలోనే ఇంకో రిసెప్టర్ అయిన హెర్2 చూశారా అన్నవి అడగండి. బయాప్సీ చేసిన చోట మీ అక్కగారి కణితి ముక్క మైనపు బ్లాకులో దాచి ఉంటుంది. అందులో ఇంకా ఎంత మిగిలిందో, ఇంకో పరీక్షకి సరిపోతుందో లేదో కనుక్కోండి. ఎంఎస్ఐ ఫలితం తెలిశాక ఇక్కడే రాయండి, దాన్నిబట్టి మిగతాది చెప్తాను.